మనుబోతుకు ఒక శుభ్రమైన ఫ్రేము

1994 చలికాలం మొదట్లో నాకు మనుబోతును ఫొటో తీసే పని అప్పగించారు. అప్పటికి నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ప్రచార విభాగం ఒకదానిలో ఫొటోగ్రాఫిక్ ఆఫీసరుగా ఉన్నాను. పేరు పెద్దగా వినిపిస్తుంది గాని హోదాల నిచ్చెనలో అది కింది నుంచి రెండో మెట్టు. మా కింద ఫొటోగ్రాఫిక్ అసిస్టెంట్లు, మా పైన సీనియర్ ఆఫీసరు, ఆయన పైన డిప్యూటీ డైరెక్టరు. మంత్రి రిబ్బను కత్తిరించినా, జ్ఞాపిక అందుకున్నా, మొక్క నాటినా మేము ఉండాలి. మొక్క బతికిందో లేదో చూడడం మా శాఖ పని కాదు.

విభాగంలో ఆడ ఫొటోగ్రాఫరును నేనొక్కదాన్నే. అందుకని మహిళా సదస్సులు, బడిపిల్లల బహుమతులు, కుట్టుమిషన్ల పంపిణీ నా వంతుకు వచ్చేవి. వరదలు, ఆనకట్టలు, సరిహద్దు రోడ్లు మెహతా గారివి. ఆయన నాకంటే సీనియర్, మంచి పనిమంతుడు. ఆ నెల ఆయనకు కామెర్లు వచ్చి మంచాన పడ్డారు. మనుబోతు నా దాకా రావడానికి కారణం అదే తప్ప ఎవరో నా ప్రతిభను గుర్తించడం కాదు.

ఢిల్లీ అడవుల మీద ఒక ప్రదర్శన జరగబోతోంది. నెమళ్లు, నక్కలు, పిట్టలు మా పాత ఫొటోల బీరువాలో ఉన్నాయి. మనుబోతు లేదు. హాలు గుమ్మం దగ్గర నిలువెత్తు పానెల్‌లో ఉండవలసింది అదే. పైనుంచి వచ్చిన నోట్‌లో షరతులు స్పష్టంగా ఉన్నాయి. ఎదిగిన మగది కావాలి, ముఖం కనిపించాలి, సహజ ఆవాసంలో ఉండాలి, ఫ్రేములో మనిషి ఆనవాలు ఉండకూడదు.

మా డిప్యూటీ డైరెక్టరు చతుర్వేది గారు నన్ను పిలిచి, నోట్ చదివి వినిపించి, చివర్న ఎంతో దయగా ఒక మాట అన్నారు.

"సుభద్రాజీ, టెన్షన్ మత్ లీజియే. దొరక్కపోతే జూలో తీసేద్దాం. కిస్‌కో పతా చలేగా?"

ఎవరికి తెలుస్తుంది అని ఆయన అనుకున్నారు గాని, మా సెక్షన్‌లో తెలియనిది లేదు. సుభద్రను అడవికి పంపితే జూ మీదుగా తిరిగొచ్చిందనే మాట రిటైరయ్యే దాకా నా వెంట ఉంటుంది. ఆ తర్వాత జీవితమంతా కుట్టుమిషన్లే. నేను స్టోర్స్‌కు వెళ్లి పొడవాటి టెలీ లెన్స్ కోసం ఇండెంటు పెట్టాను. ఇండెంటు అంటే ఫలానా వస్తువు ఫలానా పనికి కావాలని రాసి సంతకం పెట్టించే కాగితం. లెన్సు రుబ్బురోలు పొత్రమంత బరువుంది. దాన్ని మోసే మనిషికి ఇండెంటు లేదు.

మేము ఉండేది ఆర్.కె. పురం క్వార్టర్లలో. అక్కడికి దక్షిణాన రిడ్జ్ మొదలవుతుంది. ఆరావళి కొండల చివరి తునక అది. ఊరి మధ్య రాతి గుట్టలు, వాటి నిండా సర్కారు తుమ్మ. అందులో నక్కలూ ముళ్లపందులూ మనుబోతులూ ఉంటాయి. మనుబోతును అక్కడ నీల్‌గాయ్ అంటారు. ఆడది లేత గోధుమరంగులో ఉంటుంది. ఎదిగిన మగది నీలం కలిసిన బూడిదరంగులో, గుర్రమంత ఎత్తున, చిన్న కొమ్ములతో, గొంతు కింద గడ్డంలాంటి వెంట్రుకల కుచ్చుతో ఉంటుంది. ముందు ఎత్తుగా, వెనుక పల్లంగా ఉన్న ఆ ఒళ్లు చూస్తే రెండు వేర్వేరు జంతువులను మధ్యలో కుట్టినట్టనిపిస్తుంది.

మొదటిరోజు ఆఫీసు తెల్ల అంబాసిడర్‌లో వెళ్లాను. డీజిలు చప్పుడుకు గుట్ట మీద ఉన్న పక్షులన్నీ లేచిపోయాయి. గేటు దగ్గర ధరంపాల్ అనే గార్డును నాకు తోడిచ్చారు. హర్యానా మనిషి, పెద్ద మీసాలు, మర్యాదస్థుడు. తెలియదు అనే మాట ఒక్కటే ఆయనకు తెలియదు.

"మేడమ్‌జీ, బస్ పాంచ్ మినట్. యహీఁ సే నికలేగా," అని ఒక పొద వైపు వేలు చూపించేవాడు. ఇక్కడి నుంచే వస్తుందట. నేను ట్రైపాడ్ నిలబెట్టి, లెన్సు బిగించి, ఆ పొద మీద ఫోకస్ పెట్టి చూస్తూ ఉండేదాన్ని. కాసేపటికి నా వెనుక కంప కదిలేది. తిరిగేసరికి ఒక బూడిదరంగు వెనుకభాగం తుమ్మల్లో కలిసిపోయేది. ధరంపాల్ ఏమాత్రం చెదరకుండా, "దేఖా? మైనే కహా థా న," అనేవాడు, చూశారా, నేను చెప్పలేదూ అని. కొన్నాళ్లకు నేను ఆయన చూపించిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున లెన్సు పెట్టడం మొదలుపెట్టాను. ఫలితాలు కొంచెం మెరుగుపడ్డాయి. వెనుకభాగాలు ఇంతకుముందుకన్నా దగ్గరగా వచ్చాయి.

ఇప్పటివారికి ఆనాటి కష్టం కొంచెం చెప్పాలి. పానెల్ కోసం స్లైడ్ ఫిల్మ్ వాడమన్నారు. నెగెటివ్ అయితే డార్క్‌రూమ్‌లో తప్పులు దిద్దుకోవచ్చు. స్లైడ్‌లో ఆ వీలు లేదు, వెలుతురు రవ్వంత ఎక్కువైనా తక్కువైనా అలాగే ఉండిపోతుంది. ఆ ఫిల్ముకు ఎండ బాగా కావాలి. ఢిల్లీ చలికాలం ఉదయాన ఎండ, పొగమంచులో నుంచి మొహమాటంగా వస్తుంది. పైగా కెమెరాలోని లైట్ మీటరుకు ఒక మూఢనమ్మకం ఉంది. లోకంలో ప్రతిదీ మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. ముదురురంగు మనుబోతును చూపిస్తే, అయ్యో చీకటి పడిందనుకుని వెలుతురు ఎక్కువ తీసుకోమంటుంది. మీటరు మాట విన్నందుకు నా మొదటి రోల్‌లో మనుబోతులన్నీ చాకిరేవు నుంచి వచ్చిన పాతచీరల్లా వెలిసిపోయాయి. ఇక షట్టరు చప్పుడు. సభలో ఎవరికీ వినిపించని ఆ 'ఠక్' అడవిలో తలుపు వేసినట్టుంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మనిషి ఆనవాలు ఉండకూడదన్న షరతు ఒక ఎత్తు. ఢిల్లీ మధ్యలో ఉన్న అడవి అది. ఎటు లెన్సు తిప్పినా సిమెంటు స్తంభం, కరెంటు తీగ, తెగిన గాలిపటం, కోతిటోపీ పెట్టుకుని చేతులు విసురుతూ నడిచే పెన్షనరు. ఒకసారి మంచి మగ మనుబోతు ఒకటి, ముఖం చూపిస్తూ, ఎండలో, కదలకుండా నిలబడింది. ఊపిరి బిగబట్టి తీశాను. స్లైడ్ కడిగి వచ్చాక చూస్తే వెనుక కొమ్మ మీద ఎవరో ఆరేసుకున్న బనియను ఉంది. అది అచ్చంగా దాని కొమ్ముకు తగిలించినట్టు వచ్చింది.

మా ఆఫీసులో కింద దీపాలు వెలిగే గాజు బల్ల ఉండేది. దాని మీద స్లైడ్లు పరిచి, కంటికి భూతద్దం పెట్టుకుని అధికారులు ఎంపిక చేస్తారు. చతుర్వేది గారు నావి ఒక్కొక్కటీ చూసి, నిదానంగా తలెత్తి అడిగారు.

"సుభద్రాజీ, ఇస్‌కా చెహ్రా భీ తో హోగా?"

దీనికి ముఖం కూడా ఉండే ఉంటుంది కదా అని. నవ్వు నాకూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పానెళ్లు అచ్చుకు వెళ్లే రోజు దగ్గర పడుతోందని గుర్తుచేసి, వచ్చే సోమవారం జూకు కారు చెబుతానన్నారు.

ఆ శుక్రవారం ఇంట్లో నా ముఖం చూసి మావారు విషయం అడిగారు. ఆయన వేరే మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఫైళ్ల మధ్య పెరిగిన మనిషి కావడంతో ఇంటి మాటలు కూడా నోట్ రాసినట్టే మాట్లాడేవారు.

"రేపు నాకు సెలవేగా. నేనొస్తా. లెన్సు నేను మోస్తా," అన్నారు.

"అక్కడ మాట్లాడకూడదండీ."

"ఆఫీసులో మాత్రం మాట్లాడుతున్నానా ఏంటి?"

మర్నాడు మావారు ట్రంకుపెట్టె నుంచి అప్పుడే తీసిన స్వెట్టరు వేసుకుని వచ్చారు. గుట్ట పక్కన మేము కూర్చున్నాక, చాలాసేపటికి ఒక మగ మనుబోతు తుమ్మల్లోంచి తల బయటపెట్టింది. మమ్మల్ని చూడలేదు. గాలి మా వైపు నుంచి దాని వైపు తిరిగింది. అది ముక్కు ఎత్తి, ఒక్కసారి బుస్సుమని, వెనక్కి తిరిగి పరుగెత్తింది. దానికి కలరా ఉండల వాసన తగిలిందని నాకు అప్పుడు అర్థమైంది. నా దగ్గరా కొబ్బరినూనె ఘుమఘుమలాడుతోంది. ఇన్నాళ్లూ నేను రాకముందే నా వాసన వెళ్లి కబురు చెబుతోందన్నమాట.

"అంటే తప్పు నా స్వెట్టరుదా?" అన్నారు మావారు.

"మీ స్వెట్టరుదీ, నా జడదీ," అన్నాను.

దిగులుగా లేచి, అది పారిపోయిన దారినే నడిచాను. రాతి చరియ ముందు చిన్న బయలు ఉంది. మావారు వెనుక నుంచి, "సుభద్రా, చెప్పు చూసుకో," అన్నారు. చూసుకునేసరికే ఆలస్యమైంది. నా పాదం పెద్ద పెంటికల కుప్పలో ఉంది.

మా వెంటే వచ్చిన ధరంపాల్ తొంగి చూసి, "బక్రీ కా హై," అని తేల్చేశాడు. మేకలవట. కుప్ప చూస్తే ఊరి మేకలన్నీ వరసగా వచ్చి వెళ్లినా అంత కాదు. అడుగున ఎండి బూడిదైనవి, పైన నల్లగా మెరుస్తున్నవి. అంటే అదే చోటికి ఏదో ఒకటి రోజూ వస్తోంది. చెప్పు రాతికి రాస్తూ నేను ఆలోచనలో పడ్డాను. సభల్లో కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫరు మంత్రి వెంట పరుగెడతాడు, భుజాల మధ్య నలుగుతాడు, అతనికి మంత్రి వీపే దొరుకుతుంది. అనుభవం ఉన్నవాడు రిబ్బను దగ్గర నిలబడతాడు. మంత్రి ఏ దారిన వచ్చినా రిబ్బను దగ్గరికి రాక తప్పదు. ఇన్నేళ్లూ చేసిన పని అదే. అడవిలోకి రాగానే ఎందుకు మరిచిపోయానో తెలియదు. మనుబోతు రిబ్బను నా కాలికిందే ఉంది.

"ఏమండీ, రేపు కూడా వస్తారా?"

"రేపు ఆదివారం. వస్తా. స్వెట్టరు ఎలా మరి?"

ఆ సాయంత్రం రెండు పాత శాలువలు బాల్కనీలో ఆరేశాను. తలకు నూనె లేకుండా కుంకుడురసంతో రుద్దుకున్నాను. హాల్లోని ఆకుపచ్చ కర్టెను దించి, దానికి లెన్సు పట్టేంత కంత కత్తిరించాను. ఆ కర్టెను కొని ఎన్నో రోజులు కాలేదు. మావారు ఏదో అనబోయి, నా చేతిలో కత్తెర చూసి ఊరుకున్నారు.

ఆదివారం తెల్లవారగానే వెళ్లాం. ధరంపాల్‌తో, జంతువు ఇవాళ గేటు వైపు వస్తుందేమోనని అనుమానంగా ఉందన్నాను. "పక్కా ఆయేగా," తప్పకుండా వస్తుందని ఆయన అక్కడే కాపలా కూర్చున్నాడు. మేము బయలు చేరి, ముందు పొగ ఊదినట్టు ఊపిరి వదిలి గాలి ఎటు పోతోందో చూసుకున్నాం. గాలి కుప్ప వైపు నుంచి మా ముఖం మీదికి వచ్చే చోట కర్టెను కట్టాం. ఆ చోటు గురించి ముక్కుకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి గాని, నేపథ్యం మాత్రం చక్కటి రాతి చరియ. తీగల్లేవు, స్తంభాల్లేవు. నాలుగు పాలిథీన్ కవర్లున్నాయి. మావారు వాటిని ఏరి సంచిలో వేస్తూ, గొంతు తగ్గించి సందేహం వెలిబుచ్చారు.

"ఇప్పుడిది సహజ ఆవాసమేనా, లేక మనం తయారు చేసిందా?"

"ముందు ఆ నీలం కవరు తీయండి."

వెలుతురును ఈసారి బండ మీద కొలిచాను. మీటరు నమ్మే మధ్యరకం బూడిదరంగు ఆ బండదే. ఆ కొలతనే బిగించి, మనుబోతు వచ్చాక మీటరు ఏమన్నా వినకూడదని నిశ్చయించుకున్నాను. ఆపైన కూర్చోవడమే. చలికి వేళ్లు మొద్దుబారాయి. కోతి ఒకటి వచ్చి మా ఫ్లాస్కును పరిశీలించి, నచ్చక వెళ్లిపోయింది.

పొగమంచు విడుతుండగా అది వచ్చింది. ముందురోజు బెదిరిపోయినదే అనుకుంటాను, ఎడమచెవికి చీలిక ఉంది. బయలు మధ్యకు నడిచి, కుప్పను వాసన చూసి, గుండ్రంగా తిరిగి, నాకు వీపు పెట్టింది. నా ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఏం తోచిందో సగం తిరిగి, కాళ్లు సర్దుకుని, మెడ నిటారుగా ఎత్తి, దూరంగా చూస్తూ నిలబడింది. ఎండ పక్క నుంచి పడి గొంతు కింది కుచ్చు మెరిసింది. కళ్లలో లోతైన ఆలోచన. తోక పైకి లేచింది.

మొదటి 'ఠక్'కు చెవులు నా వైపు తిరిగాయి. పరుగెత్తాలనే ఉంది దానికి. కాని మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసే పరిస్థితిలో లేదు. తల తిప్పి నేరుగా లెన్సులోకి చూసింది. తీశాను, మళ్లీ తీశాను. పక్కన మావారు రెండు వేళ్లతో ముక్కు నొక్కుకుని, కళ్లు ఎర్రగా, తుమ్ము ఆపుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నాకు ఎందరో సహకరించారు గాని, అంతటి సహకారం మరెవరూ ఇవ్వలేదు. మనుబోతు పని ముగించి హుందాగా చరియ చుట్టూ తిరిగి వెళ్లాకే ఆయన తుమ్మారు. గుట్టలు మారుమోగాయి.

కెమెరాలో ఇంకా కొన్ని ఫ్రేములు మిగిలాయి. నేను ట్రైపాడ్ ఎత్తుకుని చరియ అవతలికి వెళ్లి చూశాను. మనుబోతు పల్లంలోకి దిగి, రోడ్డు పక్కన కూలిన గోడ దగ్గర కారుతున్న నీళ్ల గొట్టం కింద నోరు పెట్టి తాగుతోంది. గోడకు అవతల బస్‌స్టాప్. శాలువలు కప్పుకున్న మనుషులు, పల్లీలు ఒలుస్తున్న ఒకావిడ, టిఫిన్ డబ్బాలు. గుర్రమంత జంతువు వాళ్ల వెనుకే నీళ్లు తాగుతుంటే ఒక్కరూ చూడడం లేదు. ఒకాయన తల తిప్పి చూశాడు. చూసి, మళ్లీ బస్సు వచ్చే వైపు తిరిగాడు. మిగిలిన ఫ్రేములన్నీ వాళ్ల మీదే తీసేశాను.

"ఇందులో మనుషులున్నారు. నోట్‌కు విరుద్ధం," అన్నారు మావారు.

"ఉన్నారండీ," అన్నాను. నాకు ఆ క్షణాన చాలా సంతోషంగా ఉంది, నోట్ గుర్తులేదు.

సోమవారం కారు జూకు వెళ్లలేదు. స్లైడ్లు కడిగి వచ్చేదాకా ఆగమని అడిగాను, చతుర్వేది గారు ఆగారు. గాజుబల్ల మీద ఆయన చాలాసేపు వంగి చూశారు. "వాహ్. క్యా గరిమా హై," అన్నారు. ఎంత గాంభీర్యం అని. దూరాన్ని చూస్తూ నిలబడిన ఆ మొదటి ఫ్రేమునే గుమ్మం పానెల్‌కు ఎంపిక చేశారు. బస్‌స్టాప్ ఫొటో దగ్గర ఆగి నవ్వారు. మళ్లీ ఒకసారి చూశారు. "యే భీ అచ్ఛీ హై. లేకిన్ జంగల్ కహాఁ హై ఇస్‌మే?" అన్నారు, ఇదీ బాగుంది గాని ఇందులో అడవి ఎక్కడ అని. ఆ జంతువు రోజూ తాగే నీళ్లు అవేనని చెప్పాను. ఆయన కాదనలేదు. ప్రదర్శన అడవి మీద కదా అని దాన్ని పక్కన పెట్టారు.

ప్రారంభోత్సవం నాడు పానెల్ కింద 'రిడ్జ్ ఠీవి' అన్న అర్థం వచ్చే హిందీ శీర్షిక ఉంది. ముఖ్య అతిథి దాని ముందు నిలబడి, వన్యప్రాణుల చూపులో మనకు తెలియని తపస్సు ఉంటుందని మాట్లాడారు. తర్వాత తన ఫొటో తీయమన్నారు. ఆయన కూడా మెడ ఎత్తి, దూరంగా చూస్తూ నిలబడ్డారు. నేను నవ్వకుండా ఆ ఫొటో తీయడం ఆ చలికాలంలో నేను చేసిన రెండో కష్టమైన పని.

జనం పలచబడ్డాక ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చారు. జంతుశాస్త్రం ప్రొఫెసరు, నా పేరు అడిగి, ఇద్దరం తెలుగువాళ్లమేనని తేలాక తెలుగులోకి దిగారు.

"పెంటకుప్ప దగ్గర తీశావు కదమ్మా?"

"అవునండీ. ఎలా కనిపెట్టారు?"

"తోక చెబుతోందిగా. మంచి చోటు పట్టుకున్నావు. ఆ అతిథి గారికి మాత్రం చెప్పకు, ఇంటికెళ్లాక బాధపడతారు." ఆ వెంటనే, "ఇంకేమన్నా తీశావా?" అని అడిగారు.

బస్‌స్టాప్ ఫొటో సంగతి చెప్పాను. ఆవిడ మర్నాడే మా ఆఫీసుకు వచ్చి, స్లైడును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. తర్వాత చతుర్వేది గారి అనుమతితో ఒక కాపీ తీసుకెళ్లారు. ప్రతి ఏడూ మొదటి క్లాసులో పిల్లలకు అదే చూపిస్తున్నానని కొన్నేళ్ల తర్వాత ఎక్కడో కలిసినప్పుడు చెప్పారు.

మెహతా గారు కోలుకుని వచ్చారు. ఆ తర్వాతి వర్షాకాలంలో వరద ప్రాంతానికి ఎవరిని పంపాలన్న మాట వచ్చినప్పుడు, చతుర్వేది గారు చర్చ లేకుండా నా పేరు రాశారు. కుట్టుమిషన్లకు మెహతా గారు వెళ్లారు. చక్కగానే తీశారు. ధరంపాల్ మాత్రం రిడ్జ్‌కు వచ్చిన వాళ్లందరికీ, మేడమ్‌కు ఆ చోటు చూపించింది తానేనని చెప్పేవాడట. నేను ఖండించలేదు. ఆయన మేకలని తీర్మానించకపోతే నేను అంత శ్రద్ధగా చూసేదాన్ని కాదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నవి కొద్ది విషయాలే. అడవి జంతువు వెంటపడే ఫొటోగ్రాఫరుకు దాని వెనుకభాగం దొరుకుతుంది. అది రాక తప్పని చోటు తెలుసుకుని, గాలి మన ముఖానికి తగిలేలా, ముందే వెళ్లి కూర్చోవాలి. వెలుతురును జంతువు మీద కొలవకూడదు. ఇక సహజ ఆవాసం అనేది ఆఫీసు నోట్‌లో తేలే విషయం కాదు. జంతువు ఎక్కడ నీళ్లు తాగుతోందో, ఎక్కడ విసర్జిస్తోందో అక్కడే దాని ఆవాసం. ఆ చోట బస్‌స్టాప్ ఉంటే, ఫొటోలో బస్‌స్టాప్ ఉండాలి.